ఖాళీ పిస్తోలుకు పూజ చేయరట

ఈ సంగతి కాగితం మీద పెట్టవలసిన అవసరం కిందటి నెల బాగ్ లింగంపల్లిలో కలిగింది. ఆదివారం సాయంత్రాల్లో అక్కడ మా వయసువాళ్ళం కొందరం ఒక హాలులో చేరి, ఏదో ఒక విషయం మీద ఉపన్యాసం విని, టీ తాగి ఇళ్ళకు వెళ్తుంటాం. ఆ రోజు మాట్లాడినాయన బాగా చదువుకున్న మనిషి. పోలీసులు వచ్చేదాకా దొంగ ఆగడు కాబట్టి, గౌరవప్రదమైన ప్రతి కుటుంబానికీ ఇంట్లో తుపాకీ ఉంచుకొనే హక్కు ఇవ్వాలన్నాడు. హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న ఒక విశ్రాంత ఆచార్యుడు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకొని మరీ కొట్టాడు.

నేను లేచి ఒక్క ప్రశ్న అడిగాను. "గౌరవప్రదమైన కుటుంబం అని ఎవరు నిర్ణయిస్తారు?" ఆయన చిరునవ్వు నవ్వి, "మీ పోలీసు శాఖవాళ్ళే కదండీ" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. టీ తాగకుండానే ఇంటికి వచ్చేశాను.

మా శాఖవాళ్ళు ఎలా నిర్ణయిస్తారో తెలిస్తే ఆ చేతులు కలిసేవి కావు. చిన్నవాళ్ళు, ముఖ్యంగా రేపు మా శాఖ కుర్చీల్లో కూర్చోబోయేవాళ్ళు, ఇది తెలుసుకోవాలి. అందుకే రాస్తున్నాను.

నేను ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో చివరి భాగం చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లోనే గడిచింది. ఏ స్టేషనో, ఎవరు ఎవరో చెప్పను. చెబితే చదివేవారు మనుషులను వెతుకుతారు, విషయాన్ని వదిలేస్తారు.

పోలీసు స్టేషనుకు విచారణ కోసం వచ్చే కాగితాల్లో రెండు రకాలను ఇక్కడ పక్కపక్కన పెట్టాలి. ఒకటి, ప్రభుత్వ ఉద్యోగం వచ్చిన మనిషి నడవడిక ఎలాంటిదో చెప్పమని అడిగేది. రెండోది, తుపాకీ లైసెన్సు కోరిన మనిషికి నిజంగా ప్రాణభయం ఉందో లేదో చెప్పమని అడిగేది. మొదటి కాగితం వస్తే మావాళ్ళు వీధి వీధి తిరుగుతారు. కిరాణా కొట్టులో అడుగుతారు, ఇస్త్రీ బండి దగ్గర అడుగుతారు, ఆడపిల్లయితే పక్కింటివాళ్ళను పిలిచి ఎవరితో మాట్లాడుతుందని కూడా అడుగుతారు. గుమాస్తా ఉద్యోగానికి ఇంత వెతుకులాట. రెండో కాగితం వస్తే దరఖాస్తుదారుడి ఇంటికే వెళ్తారు, ఆయన సోఫాలోనే కూర్చుంటారు, ఆయన ఇచ్చిన కాఫీయే తాగుతారు. "మీకు ప్రాణభయం ఉందా?" అని ఆయననే అడుగుతారు. ఉందంటాడు. ఉందని రాస్తారు. గుమాస్తా చేతిలో పెట్టేది పెన్ను, ఈయన చేతిలో పెట్టేది పిస్తోలు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో మా శాఖకు ఇంతవరకు తోచలేదు.

అశోక్‌నగర్ సంగతి తెలియనివారికి ఒక్క మాట. ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు రాష్ట్రం నలుమూలల నుంచి అక్కడికి వస్తారు. వీధికి నాలుగు కోచింగ్ సెంటర్లు, సందుకు నాలుగు హాస్టళ్ళు. పొద్దున్నే సంచీ తగిలించుకొని చిక్కడపల్లి గ్రంథాలయానికి నడుస్తారు, లోపల చోటు దొరక్కపోతే ఆవరణలో కూర్చుని చదువుతారు. అలాంటి ఆడపిల్లల హాస్టలు ఒకటి నడిపే పెద్దమనిషికి నేను రాకముందే పిస్తోలు లైసెన్సు వచ్చింది. కింది అంతస్తులో ఆయన కుటుంబం, పై అంతస్తుల్లో పిల్లలు. ఆయనది మా వైపు జిల్లానే. మా నాన్నగారిలాగే వాళ్ళ నాన్నగారూ ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మనిషి దుర్మార్గుడు కాదు. పిల్లలకు జ్వరం వస్తే ఆటో పిలిపిస్తాడు. వీధికి సీసీ కెమెరాలు తన ఖర్చుతో పెట్టించి మా శాఖ చేత శాలువా కప్పించుకున్నాడు. ఆయనకు ఉన్న ప్రాణభయం ఏమిటో ఫైలంతా చదివినా నాకు అర్థం కాలేదు. మా హెడ్ కానిస్టేబుల్‌ను అడిగాను. పాత హైదరాబాద్ మనిషి, ఆ వీధుల్లో తెలియని గడప లేదు.

"భయం లేదు, గియం లేదు సార్," అన్నాడు. "బామ్మర్దికి ఉన్నదట, గందుకే ఈయనకు గావాలె. పెండ్లిళ్ళకు నడుముకు పెట్టుకొని వోతడు. కోటు జర పక్కకు జరుపుతడు, అందరికి కానరావాలె గద."

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించాలి, అవి ముగిశాక తిరిగి తీసుకోవాలి. ఆ ఏడాది ఎన్నికలు అయిపోయి నెలలు గడిచినా ఈయన తీసుకోలేదు. ప్రాణభయం ఉన్న మనిషికి అంతకాలం పిస్తోలు గుర్తుకు రాలేదు. దసరా దగ్గరపడగానే పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఆయుధ పూజకు ఇంట్లో లేకపోతే ఎట్లా ఇన్‌స్పెక్టరుగారూ?" అన్నాడు. లైసెన్సు చెల్లుబాటులో ఉంది, ఇవ్వక తప్పదు. "తూటాలు వేరుగా, పిస్తోలు వేరుగా తాళం వేసి ఉంచండి" అని చెప్పి సంతకం పెట్టించుకొని ఇచ్చాము. ఆయన దాన్ని కళ్ళకద్దుకొని తీసుకెళ్ళాడు.

పండగ రోజు మధ్యాహ్నం ఒక నర్సింగ్ హోమ్ నుంచి డాక్టరమ్మ ఫోను చేశారు. హాస్టలు పిల్లను ఒకామెను తీసుకొచ్చారనీ, అద్దం పగిలి కుడి మణికట్టుకు గాజు గుచ్చుకుందని చెబుతున్నారనీ, తాను బయటికి తీసింది మాత్రం గాజు కాదనీ చెప్పారు. నేను వెళ్ళేసరికి ఆ ముక్క ట్రేలో ఉంది. నలిగిన రాగి తొడుగు, తూటాది. ముప్పై ఏళ్ళు అవే చూశాను, గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కరలేదు.

మంచం మీద ఉన్న పిల్ల పాలమూరు వైపు అమ్మాయి. ప్రభుత్వ ఉద్యోగానికి మొదటి పరీక్ష గట్టెక్కింది, రెండోది రాతపరీక్ష, దగ్గర్లోనే ఉంది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ఏం జరిగిందమ్మా అంటే గోడవైపు చూస్తూ, "అద్దం పలిగింది సార్" అన్నది. ఏ అద్దం అంటే, "తెల్వదు సార్" అన్నది. హాస్టలు యజమాని తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాం. హాల్లో పూజ జరిగిన చోటు అలాగే ఉంది. పీటమీద బంతిపూలు, కారు తాళాలు, కత్తిపీట, స్క్రూడ్రైవర్లు, లాప్‌టాప్, మధ్యలో కుంకుమ పెట్టిన పిస్తోలు. అన్నీ ఉన్నాయి. లేనిదల్లా బుద్ధి. హెడ్ కానిస్టేబుల్ వరండా గ్రిల్ దగ్గర ఆగి గోడను వేలితో తాకి చూపించాడు. వేలికి సున్నం అంటింది.

"అందరు పండగకు ముందు ఏస్తరు సార్ సున్నం," అన్నాడు. "పండగయినంక గీ జానెడు జాగకు ఏసుడేంది?"

గ్రిల్‌లో ఒక ఊచ వంగి ఉంది. దాచి లాభం లేదని యజమాని ఒప్పుకున్నాడు, కానీ తనకు కావలసినంతవరకే ఒప్పుకున్నాడు. "తుడుస్తుంటే పేలిందండీ. గ్రిల్‌కు తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పిల్లది వేరే గొడవ, మేడమీద అద్దం పగిలింది."

"పూజలో పెట్టిన పిస్తోలులో తూటా ఎందుకుందండీ?" అని అడిగాను.

ఆయన భార్యవైపు చూశాడు. ఆమె పెద్ద ముత్తయిదువ, పొద్దుటి నుంచి మడితో ఉన్నట్టుంది. నా ప్రశ్న ఆమెకు వింతగా తోచింది. "ఖాళీది దేవుడి ముందు ఎలా పెడతాం అన్నయ్యగారూ? పర్సు పెట్టినా నోటు పెట్టే పెడతాం. బియ్యం డబ్బా ఖాళీగా పెడతామా? ఖాళీ ఉయ్యాల ఊపుతామా? నేనే చెప్పాను, ఒకటైనా పెట్టమని."

మడిబట్టతో, పసుపు చేతులతో, ఎంతో శ్రద్ధగా చెప్పింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమెకు తెలిసిన లోకంలో ఖాళీ వస్తువు అశుభం, నిండు వస్తువు శుభం. ఆ లోకంలోకి పిస్తోలును తెచ్చి పెట్టింది ఆమె కాదు. ఉపన్యాసకులు ఇక్కడ కాస్త ఆగాలి. తుపాకీ ఏ కొండగుహలోనో ఉండదు, మన ఇళ్ళలో ఉంటుంది. ఇంట్లోకి వచ్చాక అది మన పద్ధతులన్నింటిలోనూ పాలుపంచుకుంటుంది. దానికి పసుపు రాస్తాం, గంధం పూస్తాం, చుట్టాలకు చూపిస్తాం, బీరువాలో పట్టుచీరల కింద దాస్తాం. తయారుచేసినవాడు ఇవేవీ తలచి తయారుచేయలేదు.

నిజంగా ఏం జరిగిందో నాకు తెలిసింది ఆ పిల్ల ద్వారా. అదెలాగో చెబుతాను.

మరునాడే పై అధికారి ఫోను చేశారు. "పండగపూట జరిగిన పొరపాటయ్యా. మనిషికి ఏమీ కాలేదంటున్నాడు. మనకు కెమెరాలు పెట్టించినవాడు. చిన్న జరిమానాతో పోయేదాన్ని నువ్వు పెద్దది చేయకు." ఆ పిల్లకు గాయమైంది కదా సార్ అన్నాను. "ఆ పిల్ల గాజు అంటోంది కదా. నీకెందుకు ఆమెకన్నా ఎక్కువ బాధ?" అన్నారు.

పై అధికారి మాటల్లో న్యాయం లేకపోయినా లెక్క ఉంది. డాక్టరమ్మ ముక్క ఇచ్చారు, మేము పిస్తోలు స్వాధీనం చేసుకున్నాం. కానీ ఆ ముక్క ఆ చేతిలోకి ఎలా వచ్చిందో ఆ పిల్ల చెప్పకపోతే, చెప్పే మనిషి మరొకరు లేరు. ఆమె గాజు అని నిలబడితే గ్రిల్ వంగిందనే చిన్న కేసు మిగులుతుంది, కొన్నాళ్ళకు పిస్తోలు ఆ బీరువాలోకే తిరిగి వెళ్తుంది.

గ్రంథాలయం ఆవరణలో ఆమెను కలిశాను. యూనిఫాం లేకుండా, హెడ్ కానిస్టేబుల్‌తో వెళ్ళాను. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకొని ఎడమచేత్తో అక్షరాలు దిద్దుతున్నది. ఎడమచేత్తోనైనా ఆ పరీక్ష రాయాలని ఆమె పట్టుదల. పక్కన ఆమె గదిలోనే ఉండే స్నేహితురాలు కూర్చుని ఉంది, మాటకు మాట వదలని పిల్ల.

చేతిలో దిగింది తూటా ముక్కేనని మాకు తెలుసనీ, జరిగింది జరిగినట్టు చెప్పమనీ అన్నాను. ఆమె తల వంచుకొని విన్నది.

"సార్, నా పేరు కేసుల రావద్దు," అన్నది. "మా హాస్టల్ అంకుల్ చెప్పిండు. కేసుల పేరు పడితే రేపు వెరిఫికేషన్ల ఆపుతరట. మా నాయిన ఉన్న ఎకరం కౌలుకిచ్చి పంపిండు సార్ నన్ను."

నాకు ఒళ్ళు మండింది. ఏ భయం ఆ పిల్లను కట్టిపడేస్తుందో ఆ పెద్దమనిషికి ఎంత బాగా తెలుసు. అన్నేళ్ళు ఆ పిల్లల మధ్య హాస్టలు నడిపి ఆయన నేర్చుకున్నది ఇదన్నమాట.

"నేరం చేసినవారి పేరు వేరమ్మా, గాయపడినవారి పేరు వేరు. నీకు ఏమీ కాదు," అన్నాను.

"కాయితం మీద రెండూ పేర్లే కద సార్."

స్నేహితురాలు అందుకుంది. "సార్, మా అన్నకు కానిస్టేబుల్ జాబొస్తె మీవోళ్ళు ఊరంత అడిగిన్రు. మా అన్న ఇంటర్ల ఎవరితోటో కొట్లాడిండని గది సుత రాసిన్రు. మరి ఈ అంకుల్‌కు పిస్తోలిచ్చెటప్పుడు పైన ఉండేటోళ్ళం, మమ్మల్ని ఎవరన్న అడిగిన్రా?"

"అడగలేదమ్మా."

"రాజ్యాంగంల ఆయుధం పట్టుకునే హక్కు ఉన్నదా సార్? మస్తుసార్లు చదివినం. బిట్ ప్రశ్నగ గూడ వస్తది. పై వాటిలో ఏదీ కాదు, అదే ఆన్సరు."

హెడ్ కానిస్టేబుల్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. గాయపడిన పిల్ల కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వుతోనే అసలు సంగతి బయటికి వచ్చింది. పూజ అయ్యాక ప్రసాదానికి పిల్లలను కిందికి పిలిచారట. పెద్దమనిషి పీటమీది పిస్తోలు తీసుకొని, వరండాలో వెలుతురు బాగుందని అక్కడ నిలబడి, తన ఫోను ఈ పిల్ల చేతికిచ్చి ఫోటో తీయమన్నాడట. ఏటా దసరాకు అలా ఒక ఫోటో దిగి అందరికీ పంపడం ఆయనకు అలవాటు.

"ఇంక జర పక్కకు జరుగు బిడ్డా, తోరణం గూడ రావాలె అన్నడు సార్. నేను గ్రిల్ దిక్కు జరిగిన. గురి చూస్తున్నట్టు పెట్టిండు. చేతులకు గంధమున్నది సార్, జారుతున్నదని నవ్విండు గూడ. నేను బటన్ నొక్కనే లేదు, పేలింది."

గ్రిల్ ఊచకు తగిలి చితికిన తూటా ముక్క ఫోను పట్టుకున్న మణికట్టులో దిగింది. ఆ తూటా జానెడు ఇటు వచ్చి ఉంటే ఈ సంగతి చెప్పడానికి ఆ పిల్లే ఉండేది కాదు. వీధిలో టపాసులు కాలుస్తున్నారు కాబట్టి ఎవరూ తొంగిచూడలేదు.

"నువ్వు గాజు అని చెబితే," అన్నాను, "ఆ పిస్తోలు మళ్ళీ మీ కింది అంతస్తుకు వస్తుంది. వచ్చే దసరాకు మళ్ళీ ఫోటో దిగుతాడు."

"నేను ఖాళీ చేసి వేరే హాస్టలుకు వోత సార్."

ఈసారి మాట్లాడింది స్నేహితురాలు, మెల్లగానే. "నువ్వు పోతవే. ఆ బెడ్డుకు ఇంకో పిల్ల వస్తది. గా పిల్ల చేతికి ఫోనిస్తడు."

ఆ పిల్ల ఎడమచేత్తో దిద్దిన కాగితం మడిచి పుస్తకంలో పెట్టింది. చివరికి, "నాకేం కాదని రాసిస్తరా సార్?" అని అడిగింది.

"అటువంటి కాగితం ఇచ్చే అధికారం నాకు లేదమ్మా. మాట ఇస్తున్నాను."

"కాయితానికి నంబర్ ఉంటది, మాటకు నంబర్ ఉండదు సార్," అన్నది. పుస్తకాలు సర్దుకొని ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. ఇక రాదనుకున్నాను.

మరునాడు పొద్దున స్టేషను ముందు ఆడపిల్లల గుంపు, అందరికన్నా ముందు కట్టుచేత్తో ఆ పిల్ల, పక్కన స్నేహితురాలు. సంచీలు, నీళ్ళ సీసాలు, చేతుల్లో పుస్తకాలు. హాస్టలు మొత్తం వచ్చినట్టుంది. లోపల ఫిర్యాదు రాస్తున్నంతసేపూ బయట మెట్లమీద కూర్చుని చదువుకున్నారు, ఒకరినొకరు ప్రశ్నలడుగుకున్నారు. స్టేషనుకు వచ్చిన జేబుదొంగ కూడా ఏదో జవాబు తప్పు చెప్పి తిట్లు తిన్నాడు. ఫిర్యాదు చదివి వినిపించి, కుడిచేయి కదలదు కదా అని మా రైటరు ఇంకు పెట్టె జరిపి, "బొటనవేలు పెట్టమ్మా" అన్నాడు.

"డిగ్రీ చదివిన సార్ నేను. వేలిముద్ర ఎయ్య," అన్నది. ఎడమచేత్తో సంతకం చేసింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. రైటరు ఇంకు పెట్టె మూసేశాడు.

ఆ తర్వాత కేసు నడవవలసిన దారిలోనే నడిచింది. పై అధికారికి ఇక ఫోను చేయడానికి కారణం లేకపోయింది. లైసెన్సు రద్దయింది. పెద్దమనిషి ఒకసారి నా దగ్గరికి వచ్చాడు. "మనవాళ్ళై ఉండి ఇలా చేశారేమండీ? రేపు నాకేమైనా అయితే బాధ్యత ఎవరిది?" అన్నాడు. ఆ పిల్ల చేతికి బాధ్యత ఎవరిదని అడిగాను. "ఆస్పత్రి ఖర్చంతా నేనే పెట్టుకున్నాను కదా," అన్నాడు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ ఆశ్చర్యమే.

ఆ పిల్ల ఆ రాతపరీక్షకు వెళ్ళింది. ఎడమచేత్తో రాసింది, పూర్తిచేయలేకపోయింది, ఉద్యోగం రాలేదు. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేదాకా ఎదురుచూసింది. ఈలోగా నేను పదవీ విరమణ చేశాను.

కిందటేడాది ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఫోను చేసి చెబుతుందనుకున్నాను. చేసింది, కానీ చెప్పింది వేరు.

"సార్, మాటకు నంబర్ ఉండదన్న కద," అన్నది.

ఆమె నడవడిక విచారణ కాగితం అదే స్టేషనుకు వచ్చింది. కంప్యూటరులో పేరు కొట్టి చూసిన కొత్త కుర్రాడు, ఆమె పేరుతో క్రిమినల్ కేసు ఉందని రాశాడు. ఫిర్యాది అని చూడలేదు, గాయపడిన మనిషి అని చూడలేదు. నియామకపు ఉత్తర్వు ఆగిపోయింది. కాగితం మీద రెండూ పేర్లే అని ఆ పిల్ల గ్రంథాలయం ఆవరణలో ముందే చెప్పింది.

నేను ఏళ్ళ తరబడి కూర్చున్న స్టేషనులో, బయటి బల్లమీద, నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. గుర్తుపట్టి లోపలికి రమ్మన్నారు, వెళ్ళలేదు. వంతు వచ్చాక అధికారి ముందు ఆ కేసు నకలు పెట్టి, గాయపడినవారు ఎవరు, నిందితుడు ఎవరు అన్నది వేలు పెట్టి చూపించాను. ఆ అధికారి మర్యాదస్థుడు, తప్పు ఒప్పుకొని వెంటనే దిద్దించాడు. టీ తెప్పించి, మాటల్లో మాటగా ఇలా అన్నాడు.

"ఆ కేసు పెద్దమనిషి అప్పీలు కూడా విచారణకు వచ్చింది సార్. లైసెన్సు తిరిగి ఇవ్వమని. మొన్ననే పోయి వచ్చినం. మంచి పేరున్నది, కెమెరాలు గూడ పెట్టించిండు. అభ్యంతరం లేదని రాద్దామనుకుంటున్నం."

"ఎవరిని విచారించారు?" అని అడిగాను.

"ఆయననే సార్."

ఒకే బల్ల, ఒకే వారం, రెండు కాగితాలు. తూటా తగిలిన పిల్లకు చెడ్డపేరు, తూటా పేల్చిన పెద్దమనిషికి మంచిపేరు. నా గొంతు ఎంత లేచిందంటే బయట బల్లమీదివాళ్ళు లేచి నిలబడ్డారు. పై అంతస్తులో నిద్రపోయే పిల్లలను అడగకుండా ఒక్క అక్షరం రాసినా, ఆ అక్షరం మీద నేనే ఫిర్యాదు చేస్తానన్నాను. అడిగారు. పిల్లలందరూ కొత్తవాళ్ళే, కానీ కథ అందరికీ తెలుసు, గ్రిల్‌లో వంగిన ఊచను కొత్తగా చేరినవారికి చూపించడం ఆ హాస్టలులో ఆనవాయితీ అయిందట. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి పంపారు. అప్పీలు మీద తీర్పు ఇంకా రాలేదు. పిస్తోలు స్టేషను గదిలో చీటీ కట్టి ఉంది. ఆయుధం లేని ఈ కాలమంతా ఆ పెద్దమనిషి అశోక్‌నగర్ వీధుల్లో పొద్దునా సాయంత్రం వాకింగ్ చేస్తూనే ఉన్నాడు. ఎవరూ ఆయన మీదికి రాలేదు. నేను ఎదురైతే అటువైపు రోడ్డు దాటుతాడు, అంతే.

నేను మొండివాణ్ణి కాను. సాక్ష్యం చెప్పినందుకు నిజంగా బెదిరింపులు వచ్చిన ఒకరికి లైసెన్సు ఇవ్వమని నేనే సిఫార్సు చేశాను. అడవి అంచున పంట కాచుకొనే రైతు వేరు, పోటీల్లో గురి కొట్టే ఆటగాడు వేరు. వాళ్ళ అవసరం అడిగితే తెలుస్తుంది, వాళ్ళ చుట్టుపక్కలవాళ్ళు చెబుతారు. నా అభ్యంతరం గౌరవం కోసం నడుముకు కట్టుకొనే తుపాకీ మీద. నా గౌరవానికి నీ ప్రాణం పూచీ అనే ఒప్పందం అది, ఆ ఒప్పందంలో ఆ రెండో మనిషిని ఎవరూ సంతకం అడగరు. పోలీసు ఆలస్యంగా వస్తాడన్నది నిజం. నేనూ ఆలస్యంగా వెళ్ళిన సందర్భాలున్నాయి. దానికి మందు పోలీసును తొందరగా రప్పించడం. హాల్లో చప్పట్లు కొట్టిన పెద్దలు ఆ మాట అడిగి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి.

జ్ఞాపకం మీద ఆధారపడి రాశాను కాబట్టి ఇందులో తప్పులు ఉండవచ్చు. చట్టం తెలిసినవారు చట్టంలో పొరపాట్లు దిద్దండి. ఈ మూడు పేటల్లో ఎవరి ఇంట్లోనైనా సొంత పిస్తోలు ఒక్క ప్రాణం కాపాడి ఉంటే, దయచేసి తెలియజేయండి. విచారించి, నిజమని తేలితే, ఇక్కడే ఈ వాక్యం పక్కనే చేరుస్తాను.

మొదటి దిద్దుబాటు ఇప్పటికే వచ్చింది. రాతప్రతిని ఆ అమ్మాయికి చూపించాను. ఇప్పుడు ఆమె ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నది. చివర్లో నేను, చేయి పూర్తిగా నయమైంది అని రాశాను. ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన రాసి పంపింది: "కాలేదు సార్. సంతకం ఇప్పటికీ ఎడమచేత్తోనే చేస్తున్న." నా వాక్యం కొట్టేశాను.